ఖాళీగా మిగిలిన జ్యూరీ బెంచీ: అమెరికా న్యాయస్థానాల్లో ఇటీవలి పరిణామాలు

సభకు నమస్కారం. పెద్దలకు, తోటి న్యాయవాదులకు, ముఖ్యంగా కోర్టు పని ముగించుకుని నల్లకోటు చేతిమీద వేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చిన జూనియర్ మిత్రులకు నా కృతజ్ఞతలు. అమెరికా రాజ్యాంగ న్యాయంలో ఇటీవల వచ్చిన మార్పుల గురించి మాట్లాడమని నన్ను కోరారు. అది ఒక సాయంత్రంలో చెప్పగలిగినది కాదు కాబట్టి, నాకు ఎంతోకాలంగా మనసులో మెదులుతున్న ఒక్క విషయాన్నే ఎంచుకున్నాను. అది జ్యూరీ విచారణ హక్కు, అంటే కేసులో నిజానిజాలను సామాన్య పౌరుల బృందమే తేల్చాలని కోరే హక్కు. గత ఐదారేళ్లలో అమెరికా సుప్రీంకోర్టు ఈ హక్కుకు పెట్టినంత పదును మరే హక్కుకూ పెట్టలేదని నా అభిప్రాయం. అయితే అదే కాలంలో ఆ హక్కు కోర్టు గదిలో కంటికి కనిపించడం దాదాపు మానేసింది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో మీ ముందు ఉంచడమే నా ప్రయత్నం.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడి పౌరసత్వం వచ్చిన కొన్నేళ్లకు ఫెడరల్ కోర్టు నుంచి, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టు నుంచి, జ్యూరీలో కూర్చోవడానికి రమ్మని సమన్లు వచ్చాయి. నేను అప్పుడు వాళ్ల ఇంట్లోనే ఉన్నాను. సమన్లు అనగానే మన ఇళ్లలో ఎలా గుండె గుభేలుమంటుందో మీకు తెలుసు. మా ఆవిడ దేవుడికి దండం కూడా పెట్టుకుంది. అమ్మాయి మాత్రం ఆఫీసుకు సెలవు చెప్పి, ఇస్త్రీ బట్టలు వేసుకుని పొద్దున్నే వెళ్లింది. రోజుకు 50 డాలర్ల భత్యం. పెద్ద హాల్లో మరికొన్ని పదుల మందితో కలిసి మధ్యాహ్నం దాకా కూర్చుంది. తర్వాత ఒక ఉద్యోగి వచ్చి, ముద్దాయి ఈ ఉదయమే నేరం ఒప్పుకున్నాడు, ఇక మీతో పని లేదు, వచ్చినందుకు కోర్టు తరఫున ధన్యవాదాలు అని చెప్పి పంపేశాడు. ఆ ముద్దాయి ఎవరో, అతనిపై మోపిన నేరమేమిటో కూడా అమ్మాయికి తెలియలేదు. ఇంటికి వచ్చి, "నాన్నా, నేను వినడానికే వెళ్లాను, ఒక్క మాట కూడా వినకుండా వచ్చాను" అంది. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ మాటలోనే ఉంది.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన తొలి పది సవరణల్లో రెండు ఈ హక్కు గురించే మాట్లాడతాయి. ఆరవ సవరణ క్రిమినల్ కేసుల్లో నిష్పాక్షికమైన జ్యూరీ ముందు విచారణ పొందే హక్కును ముద్దాయికి ఇస్తుంది. ఏడవ సవరణ సివిల్ దావాల్లో, తగాదా విలువ 20 డాలర్లు మించితే చాలు, జ్యూరీ హక్కును నిలబెడుతుంది. ఆ 20 డాలర్ల హద్దు ఇప్పటికీ రాజ్యాంగంలో అలాగే ఉంది. జ్యూరీని వలస పాలకుల న్యాయమూర్తులకు అడ్డుగోడగా ఆనాటి అమెరికన్లు చూశారు. రాజుగారు నియమించిన జడ్జి ఏమనుకున్నా, ఊరివాళ్లు 12 మంది ఒప్పుకోకపోతే మనిషిని జైలుకు పంపలేరన్నది ఆనాటి నమ్మకం.

ఇక నేటి స్థితి చూద్దాం. 2012లో మిస్సోరి వర్సెస్ ఫ్రై, లాఫ్లర్ వర్సెస్ కూపర్ అనే రెండు తీర్పులు ఒకే రోజున వచ్చాయి. ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం నేరాంగీకారం ద్వారానే వస్తున్నాయని జస్టిస్ కెనెడీ వాటిలో నమోదు చేశారు. ఈ వ్యవస్థ ఇప్పుడు విచారణల వ్యవస్థగా కాక, చాలా మేరకు అంగీకారాల వ్యవస్థగా మారిందని కోర్టు తన నోటితోనే చెప్పింది. 2018 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ కోర్టుల్లోని క్రిమినల్ ముద్దాయిల్లో విచారణ దాకా వెళ్లినవాళ్లు సుమారు 2 శాతమే. వీళ్లంతా నేరం చేసినవాళ్లే కదా, ఒప్పుకుంటే తప్పేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి జవాబుగా ఒక పాత కేసు చెప్పాలి. మన లా కాలేజీల్లో దీన్ని పాఠంగా చెప్పకపోవడం లోటని నేను అనుకుంటాను.

అది 1978 నాటి బోర్డెన్‌కిర్చర్ వర్సెస్ హేస్. కెంటకీ రాష్ట్రంలో ఒక మనిషి 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కును చలామణి చేశాడని కేసు. ఆ నేరానికి చట్టంలో ఉన్న శిక్ష 2 నుంచి 10 ఏళ్లు. ప్రాసిక్యూటర్ ముద్దాయినీ, అతని వకీలునూ పిలిచి, నేరం ఒప్పుకుంటే 5 ఏళ్లు సిఫారసు చేస్తానన్నాడు. ఒప్పుకోకుండా కోర్టుకు విచారణ శ్రమ కలిగిస్తే, పాత శిక్షలు రెండు ఉన్నాయి కాబట్టి అలవాటుపడ్డ నేరస్థుల చట్టం కింద కొత్త అభియోగం తెస్తానని కూడా ముందే చెప్పాడు. ముద్దాయి జ్యూరీనే కోరుకున్నాడు. ప్రాసిక్యూటర్ అన్నంత పనీ చేశాడు. జ్యూరీ దోషి అంది. చట్టం ప్రకారం యావజ్జీవం పడింది. నేరం అదే, సాక్ష్యం అదే, మనిషి అతనే. 5 ఏళ్లకూ జీవితకాలానికీ మధ్య తేడా అతను జ్యూరీని అడగడం ఒక్కటే. సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఇందులో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదని చెప్పింది. బేరంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుందనీ, ముద్దాయికి ఒప్పుకునే, కాదనే స్వేచ్ఛ ఉన్నంత వరకు అది శిక్ష కిందికి రాదనీ కోర్టు వాదన. ముందు నుయ్యి, వెనుక గొయ్యి ఉన్న మనిషి ఏ పక్కకు అడుగు వేసినా దాన్ని స్వేచ్ఛ అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఈ తీర్పు నేటికీ చెల్లుబాటులో ఉంది. తర్వాత వచ్చిన మంచి తీర్పులన్నీ దీన్ని కదపకుండా, వెంట ఉంచుకునే నడుస్తున్నాయి.

మన తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఉదంతం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి ఉండేది. దానికి వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది. పాఠాలు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. వీసా మోసాలను పట్టుకోవడానికి ఇమ్మిగ్రేషన్ అధికారులే మారువేషంలో నడిపిన సంస్థ అది. 2019 జనవరి చివరలో వల లాగారు. అరెస్టయిన విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలు. ఆ రోజుల్లో హైదరాబాదులో, గుంటూరులో, కరీంనగరులో తల్లిదండ్రులు ఎంత అల్లాడిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. విద్యార్థులను చేర్పించినందుకు ఎనిమిది మందిపై క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు. ప్రభుత్వమే దుకాణం తెరిచి, ప్రభుత్వమే కొనుగోలుదారులను పిలిచి, ప్రభుత్వమే పట్టుకోవడం న్యాయమా అన్న ప్రశ్న మీద ఎంతైనా వాదించవచ్చు. వాళ్లు తప్పు చేయలేదని నేను అనడం లేదు. కానీ ఆ ప్రశ్న మీద డెట్రాయిట్ పౌరులు 12 మంది ఏమంటారో ఎవరూ వినలేదు.

విద్యార్థుల విషయంలో అసలు జ్యూరీ ప్రస్తావనే లేదు. దేశం నుంచి పంపేయడాన్ని అమెరికా చట్టం శిక్షగా చూడదు. అది సివిల్ చర్య. కాబట్టి ఇమ్మిగ్రేషన్ కోర్టులో జ్యూరీ ఉండదు, ప్రభుత్వ ఖర్చుతో వకీలునూ ఇవ్వరు. చాలామంది పిల్లలు స్వచ్ఛందంగా వెళ్లిపోతామని ఒప్పుకుని ఇల్లు చేరారు. ఒక విద్యార్థి మాత్రం, ఫీజు తీసుకుని చదువు చెప్పలేదు కాబట్టి ఇది ఒప్పంద భంగమేనని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో ప్రభుత్వం మీదే దావా వేశాడు. ఆ కోర్టు దావాను కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆ ఉత్తర్వును తిరగదోడి దావాను మళ్లీ నిలబెట్టింది. ఆ క్లెయిమ్స్ కోర్టులోనూ జ్యూరీ లేదు. ప్రభుత్వం మీద డబ్బు దావాకు ఏడవ సవరణ వర్తించదు.

ఈ సందర్భంలోనే మన జూనియర్లకు ఒక మాట. మీ దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో ఏదో ఒక రోజు ఒక తండ్రి వచ్చి, మా అబ్బాయి అక్కడ చిన్న కేసులో ఏదో కాగితం మీద సంతకం పెట్టాడు, జైలు లేదన్నారు, ఇప్పుడు వీసా పోతుందంటున్నారు అని చెబుతాడు. అప్పుడు 2010 నాటి పడిల్లా వర్సెస్ కెంటకీ గుర్తుంచుకోండి. 40 ఏళ్లకు పైగా అమెరికాలో శాశ్వత నివాసిగా ఉండి, వియత్నాం యుద్ధంలో సైన్యంలో పనిచేసిన వ్యక్తికి, ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్నావు, ఏమీ కాదు అని వకీలు సలహా ఇచ్చాడు. ఆ మాట నమ్మి ఒప్పుకుంటే దేశబహిష్కరణ మెడకు చుట్టుకుంది. నేరాంగీకారం వల్ల వచ్చే బహిష్కరణ ప్రమాదాన్ని ముందే చెప్పడం వకీలు రాజ్యాంగ బాధ్యత అని సుప్రీంకోర్టు తేల్చింది. 2017లో లీ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్‌లో ఇంకో అడుగు ముందుకు వేసింది. దక్షిణ కొరియా నుంచి పిల్లవాడిగా వచ్చి రెస్టారెంట్లు నడుపుకుంటున్న ఆ ముద్దాయి విచారణలో గెలిచే ఆశ దాదాపు లేదు. అయినా, బహిష్కరణ తప్పదని ముందే తెలిసి ఉంటే ఆ సన్నని ఆశనే నమ్ముకుని జ్యూరీ ముందుకు వెళ్లేవాడినని అతను నిరూపించుకున్నాడు; కోర్టు అతని అంగీకారాన్ని రద్దు చేసింది. ఓడిపోతానని తెలిసినా జ్యూరీని అడిగే హక్కుకు విలువ ఉందని చెప్పిన తీర్పు కాబట్టి దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

ఇప్పుడు కోర్టు పదును పెట్టిన వైపు చూద్దాం. దీనికి మూలం 2000 సంవత్సరపు అప్రెండి వర్సెస్ న్యూజెర్సీ. చట్టం నిర్ణయించిన గరిష్ఠ శిక్షను పెంచే ఏ వాస్తవాన్నయినా, పాత శిక్ష ఉందన్న ఒక్క సంగతి తప్ప, జ్యూరీయే సందేహానికి తావులేకుండా నిర్ధారించాలన్నది అందులోని సూత్రం. ఆ మినహాయింపు ఎంత దూరం పోతుందన్నదే తర్వాతి తగాదా. ఫెడరల్ ఆయుధ నేరస్థుల చట్టం ప్రకారం, వేర్వేరు సందర్భాల్లో చేసిన మూడు తీవ్ర నేరాలు పూర్వం ఉన్నవాడు తుపాకీతో దొరికితే కనీసం 15 ఏళ్లు జైలు. సందర్భం అంటే ఏమిటి? 2022 నాటి వుడెన్ కేసులో ముద్దాయి 1997లో ఒక్క రాత్రి జార్జియాలో ఒక గోదాము సముదాయంలో గోడలు కన్నం వేసుకుంటూ వరసగా 10 గదుల్లో దొంగతనం చేశాడు. కింది కోర్టులు దాన్ని 10 సందర్భాలుగా లెక్కగట్టాయి. సుప్రీంకోర్టు, ఇది మామూలు మాటలో ఒకే సందర్భమని జస్టిస్ కేగన్ కలంతో చెప్పింది. కన్నం వేసిన దొంగను అడిగినా ఆ రాత్రి ఒక్కటే అంటాడు కదా!

దాని కొనసాగింపు 2024 జూన్ 21న వచ్చిన ఎర్లింగర్. చాలా ఏళ్ల క్రితం కొద్ది రోజుల వ్యవధిలో చేసిన దొంగతనాలు ఒకే సందర్భమా, వేర్వేరా అన్నది అక్కడి ప్రశ్న. ఆ లెక్క తేల్చాల్సింది జడ్జి కాదు, ఏకగ్రీవమైన జ్యూరీ అని జస్టిస్ గోర్సచ్ 6-3 మెజారిటీ తరఫున రాశారు. విభేదించిన ముగ్గురిలో కన్సర్వేటివ్‌గా పేరున్న జస్టిస్ అలిటో, లిబరల్‌గా పేరున్న జస్టిస్ జాక్సన్ ఇద్దరూ ఉన్నారు. కన్సర్వేటివ్, లిబరల్ అని గీత గీసుకుని ఈ కోర్టును చదివే అలవాటు జ్యూరీ కేసుల దగ్గర పనికిరాదు.

అయితే జ్యూరీ తేల్చింది జడ్జి మన్నించాలని కదా సామాన్యుడి ఊహ? ఇక్కడే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం ఉంది. వాషింగ్టన్‌లో 2007లో ఎనిమిది నెలలకు పైగా నడిచిన ఒక మాదకద్రవ్యాల కేసులో, పెద్ద కుట్ర ఆరోపణలన్నిటి నుంచీ జ్యూరీ ఒక ముద్దాయిని విముక్తుణ్ణి చేసింది. 600 డాలర్ల ఒక్క చిన్న అమ్మకం మాత్రమే రుజువైందంది. శిక్ష వేసేటప్పుడు జడ్జి, జ్యూరీ కొట్టేసిన కుట్రనే తన లెక్కలోకి తీసుకుని, 18 ఏళ్లకు పైగా జైలు విధించారు. జ్యూరీకి చట్టం పెట్టిన కొలమానం, సందేహానికి తావులేని రుజువు. శిక్ష దగ్గర జడ్జి వాడిన కొలమానం, ఎక్కువ అవకాశం ఎటు ఉందన్నది. సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన వాట్స్ తీర్పు దీన్ని అనుమతిస్తుంది. శిక్ష పడకముందే ఆ జ్యూరీ సభ్యుల్లో ఒకరు జడ్జికి ఉత్తరం రాశారు. మమ్మల్ని పిలిచి, అన్ని నెలలు కూర్చోబెట్టి, మేము కాదన్నదానికే శిక్ష వేస్తే మా పనికి విలువ ఏమిటని దాని సారాంశం. ఒక పౌరుడు కోర్టుకు రాసిన ఆ ఉత్తరాన్ని నేను చాలా తీర్పుల కన్నా పైన ఉంచుతాను.

2014లో ఆ కేసునూ, 2023 జూన్ 30న అలాంటిదే మరొక దాన్నీ సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ఈ రెండోది మెక్‌క్లింటన్ కేసు. మందుల దుకాణం దోపిడీలో దోషిగా, హత్యలో నిర్దోషిగా తేలిన యువకుడికి 19 ఏళ్లు పడ్డాయి. చివరికి ఫెడరల్ శిక్షల కమిషన్ 2024 ఏప్రిల్‌లో, జ్యూరీ కొట్టేసిన అభియోగాలను శిక్ష ఎంత వేయాలో జడ్జిలకు సూచించే మార్గదర్శకాల లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించింది. ఆ మార్పు 2024 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం చేయవలసిన పనిని ఒక కమిషన్ చేసింది. సంతోషమే, కానీ కమిషన్ ఇచ్చినదాన్ని మరో కమిషన్ తీసేయగలదు.

సివిల్ వైపు పెద్ద మార్పు 2024 జూన్ 27 నాటి జార్కెసీ. అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, మోసం ఆరోపణపై ఒక హెడ్జ్ ఫండ్ (సంపన్నుల పెట్టుబడి నిధి) నిర్వాహకుడికి తన సంస్థలోని న్యాయాధికారి ముందే విచారణ జరిపి 3,00,000 డాలర్ల జరిమానా వేసింది. అభియోగం మోపేదీ సంస్థే, విచారించే అధికారి ఆ సంస్థ ఉద్యోగే, తొలి అప్పీలూ ఆ సంస్థకే. మోసం అన్నది పూర్వకాలం నుంచి సాధారణ కోర్టుల్లో జ్యూరీ తేల్చే తగాదా కాబట్టి, శిక్షగా వేసే జరిమానాకు ఏడవ సవరణ వర్తిస్తుందని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ 6-3 తీర్పులో చెప్పారు. ఇక మీదట అలాంటి కేసులు ఫెడరల్ కోర్టుకు రావాల్సిందే. జస్టిస్ సొటోమేయర్ విభేదిస్తూ, కార్మిక భద్రత వంటి రంగాల్లో ఇదే పద్ధతి మీద నడుస్తున్న అనేక సంస్థల చేతులు కట్టేసినట్టవుతుందని హెచ్చరించారు. ఆ భయంలో కొంత నిజముందని ఒప్పుకుంటూనే, నేను మెజారిటీ వైపు నిలబడతాను. కాకపోతే ఒక విచారం ఉంది. కోట్ల డాలర్ల ఫండ్ నడిపేవాడికి జ్యూరీ హక్కు తిరిగి దక్కింది. దొంగ చెక్కు మార్చినవాడికి బేరమే మిగిలింది.

జార్కెసీ ఎంతవరకు వెళుతుందో ఇంకా తేలాలి. వినియోగదారులు ఎక్కడున్నారన్న సమాచారాన్ని అమ్ముకున్నందుకు టెలిఫోన్ కంపెనీల మీద వాటి నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వేసిన జరిమానాల్లో, ఏటీ అండ్ టీ మీది 5.7 కోట్ల డాలర్లను ఐదవ సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టేసింది. అదే ఏడాది వెరిజాన్ కేసులో రెండవ సర్క్యూట్, స్ప్రింట్, టీ-మొబైల్ కేసులో డీసీ సర్క్యూట్ జరిమానాలను నిలబెట్టాయి. కంపెనీ డబ్బు కట్టకుండా ఆగి ఉంటే ప్రభుత్వం వసూలు దావా వేసేది, అక్కడ జ్యూరీ దొరికేది కదా అన్నది ఆ కోర్టుల తర్కం.

మనకు జ్యూరీ లేదు కదా, ఇదంతా మనకెందుకు అనుకోకండి. మనకూ ఉండేది. నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అనడం, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించడం, 1961లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేయడం అందరికీ తెలిసినవే. ఆ కేసు వల్లనే జ్యూరీ పోయిందని చాలామంది నమ్మకం. కానీ లా కమిషన్ తన 14వ నివేదికలో, అంటే 1958లోనే, దాన్ని తీసేయమంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా పోయింది. జ్యూరీని వదిలేసిన మనం అమెరికా నుంచి నేరాంగీకార బేరాన్ని మాత్రం తెచ్చుకున్నాం. 2006 జులై నుంచి ప్లీ బార్గెయినింగ్ మన చట్టంలో ఉంది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కొనసాగుతోంది. మనవాళ్లు కొంత జాగ్రత్తపడ్డారు. ఏడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు, స్త్రీల మీద, పిల్లల మీద నేరాలకు అది వర్తించదు. ముద్దాయే దరఖాస్తు పెట్టుకోవాలి. అతను ఇష్టపూర్వకంగా వచ్చాడో లేదో జడ్జి రహస్యంగా విచారించాలి. బాధితుడికీ చోటు ఉంటుంది. అయితే కొత్త చట్టం, అభియోగాలు ఖరారైన 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలంటోంది. విచారణ ఖైదీగా మగ్గుతున్న పేదవాడికి వకీలు మొహం కనిపించేసరికే ఆ 30 రోజులు గడిచిపోతాయి. లేదా జైలు నుంచి బయటపడటానికి ఆ దరఖాస్తే దగ్గరి దారిగా కనిపిస్తుంది. రెండూ ప్రమాదమే. మీలో మెజిస్ట్రేట్లు కాబోయేవాళ్లు ఆ రహస్య విచారణను రెండు నిమిషాల తంతుగా మార్చవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

చివరిగా, ఇన్ని తీర్పుల్లో నన్ను నిలబెట్టి ఆలోచింపజేసినది 2020 ఏప్రిల్ 20 నాటి రామోస్ వర్సెస్ లూసియానా. ఆ రాష్ట్రంలో అప్పట్లో జ్యూరీలోని 12 మందిలో 10 మంది ఒప్పుకుంటే చాలు, మనిషిని జీవితాంతం జైలుకు పంపగలిగేవారు. ఈ పద్ధతి 1898 రాజ్యాంగ సభలో పుట్టింది. శ్వేతజాతి ఆధిక్యాన్ని నెలకొల్పడమే తమ ధ్యేయమని ఆ సభ పెద్దలు బాహాటంగా చెప్పుకున్నారు. నల్లవాళ్లను జ్యూరీ నుంచి బాహాటంగా వెళ్లగొట్టడానికి ఫెడరల్ చట్టం అడ్డు. అందుకని కూర్చోనిచ్చి, వాళ్ల ఓటుకు విలువ లేకుండా చేశారు. ఒకరో ఇద్దరో కాదన్నా శిక్ష ఆగేది కాదు. 122 ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టు, ఏకగ్రీవం లేని వెర్డిక్ట్, అంటే జ్యూరీ నిర్ణయం, ఆరవ సవరణ ప్రకారం వెర్డిక్టే కాదంది. మరుసటి ఏడాది మే 17న ఎడ్వర్డ్స్ వర్సెస్ వానాయ్‌లో అదే కోర్టు, అప్పీళ్లు ముగిసిపోయిన పాత ఖైదీలకు ఇది వర్తించదంది. ఇలాంటి పద్ధతే ఉండిన ఒరెగాన్ రాష్ట్రపు సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో తన పాత ఖైదీలకూ తలుపు తెరిచింది. లూసియానా సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబర్‌లో తలుపు మూసింది.

రామోస్ కేసు 10-2 వెర్డిక్టుతో మొదలైంది. ఆ ముద్దాయికి పెరోల్ లేని యావజ్జీవం పడింది. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో అతన్ని మళ్లీ విచారించారు. 2023 మార్చిలో, ఈసారి 12 మందీ ఒకే మాట మీద నిలబడి, నిర్దోషి అన్నారు. మొదటి విచారణలో కాదన్న ఆ ఇద్దరెవరో మనకు తెలియదు. వాళ్లలాంటి ఒకరిద్దరు కాదన్నా శిక్షపడి, అప్పీళ్లు 2020 ఏప్రిల్ 20కి ముందే ముగిసిపోయిన వందల మంది లూసియానా జైళ్లలో ఇంకా ఉన్నారు.